బొమ్మల కింది నాలుగు మాటలు: చిత్రకథా రచన – మన పరిశోధన దృష్టి

పరిశోధనాంశాన్ని ఖరారు చేసే సమావేశంలో నాకు ఎదురైన ఒక వ్యాఖ్యతో ఈ వ్యాసాన్ని మొదలుపెడుతున్నాను. చిత్రకథల రచనా శిల్పం మీద నేను సమర్పించిన సంగ్రహాన్ని తిరగేసిన ఒక విషయ నిపుణులు, "ఇందులో రచన ఎక్కడుందమ్మా? బొమ్మలున్నాయి, బొమ్మల కింద నాలుగు మాటలున్నాయి. బాలసాహిత్యమనో జానపదమనో మార్చి పట్టుకురా" అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు. నా మేలు కోరే అన్నారు. నేనూ వాదించలేదు. శీర్షికలో 'జానపద' అన్న విశేషణం చేర్చి మళ్ళీ సమర్పించాను. అదే అంశం, అవే అధ్యాయాలు, అదే ఆకర సామగ్రి ఆమోదం పొందాయి. ఆనాడు వాదించకపోవడం నా పిరికితనం. ఆ వాదాన్ని ఇప్పుడు చేస్తున్నాను.

చిత్రకథలో రచన అంటే బొమ్మల కింద మిగిలిన మాటలు కావు. ఏ విషయాన్ని మాటతో చెప్పాలి, దేనిని బొమ్మకు అప్పగించాలి, రెండు బొమ్మల నడుమ ఉన్న ఖాళీలో దేనిని పాఠకుని ఊహకు విడిచిపెట్టాలి అన్న నిర్ణయాలే అక్కడ రచన. ఆ నిర్ణయాలు కాగితం మీద మాటల రూపంలో మిగలవు కనుక అవి జరగనే లేదనుకోవడం ఒక పద్ధతి దోషం. మనం చేస్తున్నది అంతకన్న పెద్ద దోషం. ముందు బొమ్మలను తీసివేస్తాం. మిగిలిన మాటలను అచ్చువేస్తాం. ఆ తరువాత ఆ మాటలను చూసి సాహిత్య విలువ తక్కువని తీర్పు చెపుతాం.

'చిత్రం' అన్న మాటకు పట్టిన గతి

మన ఆలంకారికులు కావ్యాన్ని ధ్వని, గుణీభూతవ్యంగ్యం, చిత్రం అని విభజించినప్పుడు 'చిత్రం' అట్టడుగున నిలిచింది. ఆనందవర్ధనుడు దానిని అసలైన కావ్యంగా కాక కావ్యానికి అనుకరణగా చూశాడు. మమ్మటుడు 'అవర' కావ్యమన్నాడు. వాళ్ళు మాట్లాడింది వ్యంగ్యం లేని శబ్దార్థ వైచిత్రి గురించే తప్ప కుంచెతో గీసిన బొమ్మ గురించి కాదన్నది నిజమే. అయినా 'చిత్రం' అంటే పైపై మెరుగు, లోపల ఏమీ లేనిది అన్న భావం మన విమర్శ మనసులో అప్పటినుంచీ తిష్ఠ వేసుకొన్నదని నా అనుమానం. ఎం.ఏ. తరగతిలో ధ్వని సిద్ధాంతం చెప్పేటప్పుడు చిత్రకావ్యానికి మనం కేటాయించే సమయమే అందుకు సాక్ష్యం.

సంప్రదాయం మాత్రం ఒకే గొంతుతో మాట్లాడలేదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రంలో మార్కండేయుడు వజ్ర మహారాజుకు చిత్రవిద్యను బోధిస్తూ, నృత్తం తెలియనివానికి చిత్రం తెలియదంటాడు. నృత్తానికి వాద్యం కావాలి, వాద్యానికి గీతం కావాలి. బొమ్మను పాట నుంచి విడదీయలేమని చెప్పిన శాస్త్రం అది. భవభూతి 'ఉత్తరరామచరితం' మొదటి అంకంలో సీతారామలక్ష్మణులు తమ గత జీవితాన్నే వరుస బొమ్మలుగా చూస్తారు. ఏ బొమ్మ దగ్గర ఆగాలి, దేనిని త్వరగా దాటిపోవాలి, ఏ బొమ్మ చూసి ఎవరు కలత పడాలి అన్నదే ఆ సన్నివేశంలోని నాటకం. కథ అంతా ప్రేక్షకులకు ముందే తెలుసు. కవి ప్రతిభ కథలో కాక ఆగడంలో, దాటడంలో ఉంది.

మన ఊరి సాక్ష్యం ఇంకా దగ్గరది. 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులు తిరుగుతూ మాచల్దేవి చిత్రశాలకు చేరుకొంటారు. అక్కడి పౌరాణిక చిత్రాలు పద్యాలలో వర్ణితమయ్యాయి. ఆ కావ్యం మీద మనవాళ్ళు చేసిన చర్చలో కర్తృత్వ వివాదానికి దక్కిన స్థలంలో పదో వంతైనా ఈ ఘట్టానికి దక్కలేదు. ఎవరు రాశారన్నది తేల్చడానికి అంత శ్రమపడిన మనం, ఒక తెలుగు కవి వరుస బొమ్మలను ఎట్లా చదివాడో చూడటానికి తీరిక చేసుకోలేదు.

పటం ముందు

ఈ విశ్వవిద్యాలయం నుంచి బస్సెక్కితే పూటలో వెళ్ళి రాదగిన చేర్యాల మొన్న మొన్నటిదాకా వరంగల్లు జిల్లాలోనే ఉండేది. 2016లో జిల్లాల పునర్విభజనతో సిద్దిపేట జిల్లాలో చేరింది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతలు పూసి, ఎర్రని నేల మీద కులపురాణాలను గీసే విధానం ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. గణపతి, సరస్వతి బొమ్మలతో మొదలై అంచుల పూలతీగెలతో గడులుగా విడిపోయి, మూరలకు మూరలు కిందికి జారే ఆ పటం ముందు నిలబడి కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెపుతారు. కాకిపడగలవారు ముదిరాజులకు, డక్కలివారు మాదిగలకు చెపుతారు. డక్కలివారి జాంబపురాణం సంగతి తరువాత ప్రస్తావిస్తాను.

ఈ పటాలను మన విద్యాలోకం ఎట్లా పంచుకొన్నదో గమనించాలి. కథను జానపద శాఖ తీసుకొన్నది. బొమ్మను లలితకళల వారు తీసుకొన్నారు. చెప్పేవారి కులాన్ని సమాజశాస్త్రం తీసుకొన్నది. ప్రభుత్వ హస్తకళల సంస్థ పటాన్ని గడులు గడులుగా విడదీసి గోడకు తగిలించుకొనే సరుకుగా మార్చింది. అందరూ ఎవరి వాటా వారు పట్టుకుపోయాక కథాకథనం అన్నది ఎవరి చేతిలోనూ మిగలలేదు.

కథనాన్ని దగ్గరగా విన్నప్పుడు నాకు తెలిసిన విషయం ఒకటుంది. పటం చెప్పేవాడు బొమ్మలో ఉన్నదాన్ని వర్ణించడు. కర్ర మొనతో దాన్ని చూపుతాడు, అంతే. మాటతో చెప్పేది బొమ్మలో లేనిది: ఈమె ఎవరి బిడ్డ, వీళ్ళు ఏ దిక్కునుంచి వచ్చారు, తల్లి ఏమని శోకం పెట్టింది, ఎదుటివాడు ఏమని బదులు పలికాడు. వంశావళి, సంభాషణ, శబ్దం మాటకు దక్కాయి. రూపం, వేషం, ఎవరు పెద్ద ఎవరు చిన్న అన్నది బొమ్మకు దక్కాయి. ఒక గడి దగ్గర రెండు నిమిషాలు నిలిచిన కథకుడు పక్క గడి దగ్గర అరగంట నిలుస్తాడు, వినేవాళ్ళు తడి కళ్ళతో ఉంటే ఇంకా నిలుస్తాడు. గడి పరిమాణానికి, కథాకాలానికి సంబంధం లేకుండా చేయగలిగిన ఈ స్వేచ్ఛ అచ్చు కామిక్స్‌లో లేదు. అక్కడ గడి వెడల్పే కాలాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. అంటే పటం కామిక్స్‌కు పూర్వరూపం అన్న తేలిక పోలిక కూడా సరిపోదు. అది వేరే వ్యాకరణం ఉన్న వేరే ప్రక్రియ.

ఆ వ్యాకరణానికి కీలు ఎక్కడుంది? 'గిదిగో', 'గీమె', 'గాయిన', 'గీడ సూడుండ్రి' అన్న నిర్దేశక పదాల్లో ఉంది. శాబ్దబోధకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అవసరమని మనం పాఠం చెపుతాం. పటకథలోని వాక్యాన్ని ఆ గీటురాయి మీదనే చూద్దాం. 'గీమె' అన్న పదానికి కలిగిన ఆకాంక్ష పక్క పదంతో తీరదు, కర్ర మొన తాకిన బొమ్మతో తీరుతుంది. సన్నిధి పదానికీ పదానికీ నడుమ లేదు, పదానికీ రూపానికీ నడుమ ఉంది. సగం వాక్యం గుడ్డ మీద ఉంటే మిగిలిన సగం గాలిలో ఉంటుంది. మన పాఠపరిష్కర్తలు ఏం చేశారు? వినికిడి నుంచి రాతలోకి ఎత్తేటప్పుడు ఈ పదాలను పునరుక్తులని, ఊతపదాలని తొలగించారు. మరొకరిని అనడమెందుకు, నా ఎం.ఫిల్. వ్యాసంలో నేనే తొలగించాను. పేజీ శుభ్రంగా కనిపించింది. పరీక్షకులు భాష బాగుందని మెచ్చుకొన్నారు. ఆ శుభ్రతలో పటం మొత్తం కొట్టుకుపోయిందని గ్రహించడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఇక జాంబపురాణం. జాంబవుణ్ణి సృష్టికి ముందే పుట్టిన ఆదిపురుషునిగా నిలిపి, వర్ణవ్యవస్థ చెప్పే పుట్టుక కథలను తలకిందులు చేసే పురాణమది. దాని పాఠం మీద మంచి పరిశోధన జరిగింది. దళిత సాహిత్య చర్చలోకి అది వచ్చింది, రావలసిందే. అయితే రామాయణ బొమ్మల్లో ఎలుగుబంటిగా మనకు అలవాటైన జాంబవంతుణ్ణి డక్కలి పటం ఏ ఒడ్డూపొడవులతో, ఏ ఆసనం మీద, దేవతల పక్కన ఏ ఎత్తులో నిలిపింది? ఈ ప్రశ్నకు అచ్చయిన మాటల పాఠం జవాబు ఇవ్వలేదు. ధిక్కారం మాటలో ఎంత ఉంది, గీతలో ఎంత ఉంది అన్నది తేలకుండా ఆ పురాణ రాజకీయాల మీద మనం రాసే వాక్యాలు ఒంటికాలి మీద నిలిచినవే.

సంతకం లేని రచయిత

'జానపదం' గడప దాటి అచ్చు ప్రపంచంలోకి వస్తే పరిస్థితి మెరుగుపడుతుందని ఆశించవచ్చు. పడలేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి తెలుగు, తమిళ భాషల్లో మొదలుపెట్టిన 'చందమామ'ను తీసుకొందాం. చందమామ కామిక్స్ పత్రిక కాదు, బొమ్మ లేకుండా నిలిచే పత్రికా కాదు. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేదాకా దాని సంపాదక బాధ్యత మోశారు. కొ.కు. మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాల్లో నేను చూసినంతవరకు 'చదువు' నవలకు అధ్యాయాలు ఉంటాయి, చందమామకు ఒక పేరా ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళ పాటు ప్రతినెలా పదునుపెట్టిన వచనం ఒక పేరా అయింది. కారణం పైన చెప్పినదే. అది బొమ్మల పక్కన నడిచిన వచనం.

దాసరి సుబ్రహ్మణ్యం కథ ఇంకా బాధాకరం. 1954లో 'తోకచుక్క'తో మొదలై 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'భల్లూక మాంత్రికుడు' వంటి సీరియళ్ళతో రెండు తరాల తెలుగు పిల్లలకు చదివే అలవాటు చేసిన మనిషి ఆయన. పత్రికలో అవి వస్తున్నన్నాళ్ళూ రచయిత పేరు అచ్చు కాలేదు. బొమ్మ మూలన 'చిత్రా' అన్న సంతకం మాత్రం కనిపించేది. 'బొమ్మల కథకు రచయిత ఎవరు' అన్న ప్రశ్నకు అక్షరాలా ఖాళీ జాగా చూపించిన సందర్భమిది. ఆ ఖాళీని యాజమాన్య విధానంగా మాత్రమే చూస్తే తేలిక. పేరు బయటపడిన తరువాత కూడా మన సాహిత్య చరిత్రలు ఆ జాగాను నింపలేదు. అందుకు పత్రిక యాజమాన్యాన్ని తప్పుపట్టలేం.

ఆ సీరియళ్ళ వచనాన్ని ఒక్కసారి శిల్ప దృష్టితో చదివి చూడండి. వాక్యం పొట్టి. నడక ఎక్కువ, ఆగి వర్ణించడం తక్కువ. బొమ్మను పక్కన పెట్టి చదివే విమర్శకుడికి ఇది పేదతనంగా కనిపిస్తుంది. పక్కనే చిత్రా బొమ్మ ఉన్నదన్న ఎరుకతో చదివితే ఇది పొదుపు. బేతాళ కథల్లో ఇంకా స్పష్టం. శవాన్ని భుజాన వేసుకొని కత్తి పట్టి నడుస్తున్న విక్రమార్కుని శంకర్ గీసిన శీర్షిక బొమ్మ నెల తరువాత నెల అదే. శ్మశానం, చీకటి, భయం ఆ బొమ్మ మోస్తుంది. కనుక పై కథ చెప్పే వచనం కొన్ని పంక్తులలో పని ముగించుకొని లోకథలోకి దిగుతుంది. ఆ కొన్ని పంక్తులను విడిగా కోసి 'యాంత్రికమైన పునరావృత్తి' అనడం, తలుపు తీసి పక్కన పెట్టి గడప ఎందుకూ పనికిరాదన్నట్టుంటుంది.

ముళ్ళపూడి వెంకటరమణ పేరు విన్న చోట ఇంత అన్యాయం జరగలేదని ఎవరైనా అనవచ్చు. ఆయనకు పేరు దక్కింది, నిజమే. అయితే 'బుడుగు'ను హాస్య రచనగా, బాలభాషా ప్రయోగంగా చదివినంతగా బాపు గీతతో కలిసి పుట్టిన పాఠంగా చదివామా? బుడుగు ఎట్లా ఉంటాడో ఏ తెలుగు పాఠకుణ్ణి అడిగినా చెప్పేది బాపు బొమ్మనే. తన రచనా జీవితాన్ని చెప్పుకొన్న 'కోతికొమ్మచ్చి'నీ రమణ బాపు బొమ్మలతోనే అచ్చువేయించారు. ఆ పుస్తకాన్ని మనం చమత్కారాల కోసం, సినిమా కబుర్ల కోసం ఉటంకిస్తాం. ఇద్దరు మనుషులు ఒకే కథను చెప్పడంలో పని ఎట్లా పంచుకొంటారన్న విషయానికి తెలుగులో ఉన్న అరుదైన ఆధారంగా దానిని చదవలేదు.

బయటి రచయితలు తమ పని గురించి ఏమనుకొన్నారు

ఇక్కడ పాశ్చాత్య ఉదాహరణలు తేవడం నాకు అంత ఇష్టం లేదు. అయినా 'నాలుగు మాటలు' అన్న లెక్క ఎంత తప్పో తేల్చడానికి ఒకటి రెండు తప్పవు. విల్ ఐస్నర్ 1985లో తన పాఠాలను పుస్తకంగా తెచ్చి వరుస బొమ్మలకూ వ్యాకరణం ఉందని వాదించాడు. స్కాట్ మెక్లౌడ్ 1993లో కామిక్స్‌ను అర్థం చేసుకోవడం గురించిన పుస్తకాన్ని కామిక్స్ రూపంలోనే రాసి, గడికీ గడికీ నడుమ ఖాళీలో పాఠకుడు చేసే పనిని ఆ ప్రక్రియకు గుండెకాయగా నిలిపాడు. ఆ ఖాళీని వివరించడానికి మనకు అరువు మాట అక్కరలేదు. వాచ్యం కానిది సహృదయుని మనసులో స్ఫురించడానికి ధ్వని అన్న పేరు మనకు వెయ్యేళ్ళ పైబడి ఉంది.

అలన్ మూర్ ఉదంతం మరింత ఉపయోగకరం. డేవ్ గిబ్బన్స్ బొమ్మలు గీసిన 'వాచ్‌మెన్' కోసం ఆయన రాసిన స్క్రిప్టులు వాటి పొడవుకు పేరుపడ్డాయి. ఒక్క గడి ఎట్లా ఉండాలో చెప్పడానికి పేజీ నిండా రాసేవాడు: వెలుగు ఎటునుంచి పడాలి, బల్ల మీద ఏ వస్తువు ఉండాలి, మనిషి చూపు ఎక్కడుండాలి. ఆ మాటల్లో దాదాపు ఏవీ పాఠకునికి చేరవు. చేరేది బొమ్మ, దానితోపాటు మాటల బుడగలో ఒకటి రెండు వాక్యాలు. స్టాన్ లీ నడిపిన మార్వెల్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. రచయిత కథాసంగ్రహం చెపుతాడు, చిత్రకారుడు గడులు పరుస్తాడు, రచయిత మళ్ళీ వచ్చి మాటలు నింపుతాడు. ఆ పద్ధతి వల్లనే అసలు సృష్టికర్త ఎవరన్న వివాదం జాక్ కిర్బీ, స్టీవ్ డిట్కోల పేర్లతో దశాబ్దాల పాటు నడిచింది. మన నకాషీ చిత్రకారునికీ, పటం చెప్పేవానికీ, పటం రాయించిన కులపెద్దలకూ నడుమ కర్తృత్వం ఎవరిదన్న ప్రశ్న దీనికంటే చిక్కైనది. క్రీడాభిరామ కర్తృత్వం మీద పెట్టిన శ్రమలో కొంత ఇటు మళ్ళించవచ్చు కదా.

అభ్యంతరాలు

బొమ్మ పాఠకుని ఊహాశక్తిని చంపుతుందన్న వాదం సదుద్దేశంతో వస్తుంది. కాని అది నాటకానికీ వర్తించాలి. దుష్యంతుని వేషం కట్టిన నటుడు కాళిదాసును చదివేవాని ఊహను చంపుతాడని ఏ లాక్షణికుడూ అనలేదు. దృశ్యకావ్యాన్ని అంగీకరించిన సంప్రదాయంలో నిలబడి ఈ అభ్యంతరం చెప్పడం వింతగా ఉంటుంది.

రెండో అభ్యంతరం బరువైనది. బొమ్మల కథలు భావజాలాన్ని మోస్తాయి, వాటికి సాహిత్య గౌరవం ఇస్తే ఆ భావజాలానికీ గౌరవం ఇచ్చినట్టే అంటారు కొందరు మిత్రులు. అనంత్ పాయ్ 1967లో ప్రారంభించిన 'అమర చిత్రకథ' వారికి ప్రధాన ఉదాహరణ. ఎవరి ఒంటికి ఏ రంగు పూశారు, రాక్షసులను ఎట్లా గీశారు, ఏ కులాల వీరులకు పుస్తకం దక్కింది అన్న ప్రశ్నలు న్యాయమైనవే. ఆ ప్రశ్నలను నందిని చంద్ర 2008లో, కార్లైన్ మెక్లేన్ 2009లో పుస్తకాలుగా చర్చించారు. రెండూ ఇంగ్లీషులోనే వచ్చాయి. తెనాలి రామకృష్ణుణ్ణి తెలుగు పిల్లలు ఆ బొమ్మల్లో చూసి పెరిగినా, ఆ బొమ్మ మీద లెక్కింపదగిన విమర్శ మన శాఖల నుంచి రాలేదు. చదవని దానిని ఖండించడం ఎట్లా? భావజాలం గీతలో దాగి ఉన్నదంటున్నవారే గీతను చదవడం సాహిత్య శాఖ పని కాదంటే, ఆ పని ఇక ఎవరు చేయాలి?

సిలబస్‌లో చోటు లేదన్నది మూడో మాట. దానికి జవాబు చెప్పను. పీఠాధిపతుల సమావేశాల్లో తేలే విషయమది.

మిగిలిన ఆధారాలు

కాలయాపన చేయగలిగిన స్థితి కూడా లేదు. పాతబడిన పటాన్ని నీళ్ళలో నిమజ్జనం చేసి కొత్తది రాయించుకోవడం ఆ సంప్రదాయంలోనే ఉంది. కనుక పాత పటాలు సహజంగానే తక్కువ మిగిలాయి. ఇప్పుడు కొత్తవి రాయించుకొనేవారూ తగ్గారు. నకాషీ కుటుంబాలు బతుకు కోసం ముఖోటాలు, తాళంచెవుల గొలుసులు, ఒంటి గడి బొమ్మలు చేస్తున్నాయి. వాళ్ళను తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఒంటి గడిలో కథనం ఉండదు. చందమామ 2013లో ఆగిపోయింది. దాని సంచికలు వ్యక్తుల ఇళ్ళలో, అభిమానులు స్కాన్ చేసి పెట్టుకొన్న దస్త్రాల్లో ఉన్నాయి. ఇంత పని ఔత్సాహికులు చేసి పెడితే, మనం ఆ దస్త్రాల్లోంచి కథ మాటలను టైపు చేసి బొమ్మలను వదిలేసి సంకలనాలు వేస్తున్నాం.

నేను కోరేది పెద్ద మార్పు కాదు. పటకథను పరిష్కరించి ప్రచురించేటప్పుడు ఎడమ పేజీలో గడి బొమ్మ, కుడి పేజీలో కథనం ఉండాలి. ఏ గడి దగ్గర కథకుడు ఎంతసేపు నిలిచాడో అంచున నమోదు చేయాలి. చందమామ కథలను సంకలనం చేసేవారు పుట అమరికను యథాతథంగా ఇవ్వాలి, రచయితతోపాటు చిత్రకారుని పేరూ వేయాలి. నిర్దేశక పదాలను ఎవరూ ముట్టుకోరాదు.

ప్రస్తుతం నా సిద్ధాంత గ్రంథం అనుబంధంలో ఆ పనే చేస్తున్నాను. ఎం.ఫిల్. నాటి ధ్వనిముద్రణలను మళ్ళీ విని, ఆనాడు కొట్టేసిన ప్రతి 'గిదిగో'ను, ప్రతి 'గీమె'ను వెనక్కి తెచ్చి, పక్కన కుండలీకరణంలో గడి సంఖ్య వేస్తున్నాను. టైపు చేసినవారు మొదటి ప్రతిలో వాటిని అచ్చుతప్పులనుకొని సగం తీసివేశారు. మళ్ళీ పెట్టించాను.